వార్డు ప్లాన్‌ను దిండు దగ్గర మొదలుపెట్టి గీయడం ఎలా?

కొత్తగా ఆసుపత్రి కడుతున్నవాళ్లూ, ఉన్న వార్డును మార్పించుకుంటున్నవాళ్లూ అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: పేషెంటుకు హాయిగా, స్టాఫుకు తేలిగ్గా ఉండాలంటే ఏ రంగులు వేయాలి, ఏ లైట్లు పెట్టాలి? రంగులూ లైట్లూ తర్వాతి సంగతి. ముందు మంచం ఎక్కడ, తల ఎటు, అక్కడి నుంచి ఏం కనిపిస్తుంది, ఏం వినిపిస్తుంది, బాత్రూంకి ఎన్ని అడుగులు, నర్సు ఎటు నుంచి వస్తుంది అనేవి తేలాలి. చాలా ప్లాన్లు బయటి గోడల దగ్గర మొదలై, మిగిలిన చోట్లో మంచాలు సర్దడంతో ముగుస్తాయి. మీరు దాన్ని తిరగేయండి. దిండు దగ్గర మొదలుపెట్టి బయటికి గీసుకుంటూ వెళ్లండి.

ఇది మామూలు ఇన్‌పేషెంట్ వార్డుకి. ఐసీయూ, ఆపరేషన్ థియేటర్ లెక్కలు వేరు. మానసిక చికిత్స వార్డులో హుక్కులు, కర్టెన్ రాడ్లు, తలుపు పిడులు కూడా ప్రాణాపాయానికి దారి తీయగలవు కాబట్టి, కింద చెప్పిన గ్రాబ్ బార్ల (పట్టుకోవడానికి గోడకు బిగించే కడ్డీల) సలహాలు అక్కడ వాడొద్దు. మీ ప్రాంతపు ఫైర్, బిల్డింగ్ నిబంధనలు ఇక్కడి అంకెలకంటే ఎక్కువ అడిగితే వాటినే పాటించండి.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- 1:50 స్కేలులో వార్డు ప్లాన్ ప్రింట్లు, కనీసం నాలుగు కాపీలు. గీతలు గీసి పాడుచేయడానికే.
- కొలత టేపు, నాలుగైదు చుట్టల మాస్కింగ్ టేపు, పెద్ద అట్టపెట్టెలు.
- మీరు నిజంగా కొనబోయే మంచం ఒకటి. వీల్‌చైరు, స్ట్రెచర్ ట్రాలీ, సెలైన్ స్టాండు కూడా.
- లక్స్ మీటరు (వెలుతురు కొలవడానికి), సౌండ్ మీటరు. ఫోన్ యాప్‌లు రెండు చోట్లను పోల్చుకోవడానికి పనికొస్తాయి కానీ వాటి అంకెలను కాంట్రాక్టులో రాయకండి.
- మనుషులు: రాత్రి డ్యూటీ నర్సు, శుభ్రం చేసే మనిషి, మెయింటెనెన్స్ ఎలక్ట్రీషియన్, ఈ మధ్యే వార్డులో ఉండి వెళ్లిన పేషెంటు లేదా వీల్‌చైరు వాడే వ్యక్తి. మీటింగుకు డైరెక్టరు రాకపోయినా పని నడుస్తుంది, శుభ్రం చేసే మనిషి రాకపోతే నడవదు.

1. ఒక రోజంతా చూసి రాసుకోండి

నడుస్తున్న వార్డులో 24 గంటలు కూర్చుని మూడు గడుల్లో రాయండి: టైము, ఏం జరిగింది, ఎందుకు. ముఖ్యంగా రాత్రి 2 నుంచి 4 దాకా వదలొద్దు. "2:10, చెత్తడబ్బా మూత పడింది. 2:25, నాలుగో బెడ్ మందు పంపు అలారం, నర్సు వచ్చేసరికి మూడు నిమిషాలు. 2:40, ఏడో బెడ్ పెద్దాయన గోడ పట్టుకుని బాత్రూంకి." ఇలాంటి వాక్యాలే కావాలి. "రాత్రి శబ్దం ఎక్కువ" అని రాసుకుంటే దానితో ఏమీ చేయలేరు.

ఒక ప్లాన్ కాపీ మీద ఒకే నర్సు గంటసేపు ఎటెటు నడిచిందో పెన్సిలుతో గీయండి. గీతలు ఏ రెండు చోట్ల మధ్య దట్టంగా పడ్డాయో ఆ రెండూ దగ్గరికి రావాలి. సాధారణంగా మందులు, దుప్పట్లు, సెలైన్ బాటిళ్లు ఒక్కోటి ఒక్కో మూల ఉండటం వల్లే ఈ నడక.

2. మంచం చుట్టూ చోటును తేల్చండి

బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల మార్గదర్శకాలు ఒక్కో మంచానికి 3.6 మీటర్ల వెడల్పు, 3.7 మీటర్ల పొడవు చోటు చెబుతాయి. వినగానే దండగ అనిపిస్తుంది. లెక్క చూడండి: సైడ్ రెయిల్స్‌తో మంచం ఒక మీటరు వెడల్పు, తల, కాళ్ల వైపు పలకలతో కలిపి పొడవు 2.2 నుంచి 2.3 మీటర్లు. ఇరువైపులా 1.3 మీటర్లు మిగులుతాయి. ఒకవైపు స్ట్రెచర్ ఆనించి ఇద్దరు పేషెంటును జరపాలి, ఇంకోవైపు అటెండెంటు కుర్చీ, సెలైన్ స్టాండు, నర్సు నిలబడే చోటు. గుండె ఆగినప్పుడు అయిదుగురు చుట్టూ చేరతారు. మంచం తలవైపు నుంచి కూడా చేయి అందాలి.

ఇక్కడ జరిగే తప్పులు:

- ప్లానులో పరుపు సైజు గీసి మంచం అనుకోవడం. బెడ్ కేటలాగులో రెయిల్స్ దించినప్పుడూ ఎత్తినప్పుడూ ఉండే వెడల్పు చూడండి.
- మంచం పైకి లేచినప్పుడు తలవైపు పలక గోడ సాకెట్లలోని ప్లగ్గులను పిండేయడం. సాకెట్లను తలపలక వెనుక కాకుండా ఇరుపక్కలా పంచండి, గోడకు బంపర్ పట్టీ వేయండి.
- మంచాన్ని గదిలో తిప్పడానికి చోటు వదలకపోవడం. మీటరు బై 2.3 మంచం ఉన్నచోటే తిరగాలంటే 2.5 మీటర్లకు కాస్త ఎక్కువ వ్యాసమున్న వృత్తం ఖాళీగా ఉండాలి.
- తలుపు. 1.2 మీటర్ల ఖాళీ వెడల్పు కావాలి, అదీ తలుపు మందం, పిడి పోగా. 2.4 మీటర్ల కారిడార్ నుంచి మలుపు తిరిగి లోపలికి వచ్చే చోట ఒకటిన్నర రెక్క తలుపు పెడితే మంచి పని చేసినట్టు. రోజూ పెద్ద రెక్క, మంచం వచ్చినప్పుడు చిన్నది కూడా.

పాత భవనంలో ఇంత చోటు దొరక్కపోతే మంచాల సంఖ్య తగ్గించడమే నిజాయితీ గల దారి. ఎంత ఇరుకైనా రెండు మంచాల అంచుల మధ్య ఒక మీటరు కంటే తగ్గించొద్దు. అది ఇన్ఫెక్షన్ అడ్డుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కనీస దూరం, సౌకర్యానికి చాలేది కాదు.

3. కిటికీని పడుకున్నవాళ్ల కంటికి సరిపెట్టండి

1984లో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు సైన్స్ పత్రికలో ఒక చిన్న అధ్యయనం ప్రచురించారు. పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మందిలో సగం మందికి కిటికీలోంచి చెట్లు, మిగతా సగానికి ఇటుక గోడ కనిపించేవి. చెట్లు చూసినవాళ్లు త్వరగా ఇంటికి వెళ్లారు, గట్టి నొప్పి మందులు తక్కువ వాడారు. అధ్యయనం చిన్నదే కాబట్టి దాని మీద మోయలేని బరువు పెట్టొద్దు. కానీ కిటికీ ఎలాగూ పెడుతున్నప్పుడు సరైన చోట పెట్టడానికి ఖర్చు పెద్దగా పెరగదు.

రువాండాలోని బుటారో ఆసుపత్రిలో, 2011లో తెరిచింది, మంచాల తలవైపు వార్డు మధ్యలోని సగం ఎత్తు గోడకు ఆనుతుంది. అందరూ కిటికీల వైపు చూస్తారు. మామూలుగా జరిగేది దీనికి వ్యతిరేకం: కిటికీ కింద తల, ఎదురుగా ఇంకో పేషెంటు.

కొలత: మంచం మీద పడుకున్న మనిషి కన్ను నేల నుంచి సుమారు 75 నుంచి 80 సెంటీమీటర్లు, తల ఎత్తి కూర్చుంటే 110 దాకా. కిటికీ అడుగు అంచు 90 సెంటీమీటర్లకు మించకూడదు. 60 దాకా దించగలిగితే నేలా చెట్టు మొదలూ కనిపిస్తాయి. దించితే గాజు బలంగా, తెరుచుకునే రెక్క 10 సెంటీమీటర్లకు మించి తెరుచుకోకుండా ఆపే స్టాపరుతో ఉండాలి.

ఎండ నేరుగా దిండు మీద పడితే కిటికీ శిక్షే అవుతుంది. పడమటి గోడకు కిటికీ తప్పనిసరైతే బయటివైపు నీడ ఇచ్చే ఏర్పాటు చేయండి. లోపలి కర్టెన్ వెలుతురు ఆపుతుంది కానీ వేడి అప్పటికే గదిలోకి వచ్చేసి ఉంటుంది.

చెక్ చేయడం: ఫోన్ కెమెరాను దిండు మీద పెట్టి ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ఫోటో తీయండి. ప్రతి మంచానికీ. ఫోటోలో ఎదుటి మంచం, టీవీ, టాయిలెట్ తలుపు తప్ప ఏమీ రాకపోతే ఆ మంచాన్ని తిప్పండి. కిటికీ అవతల గోడే ఉంటే, మధ్యలో నాలుగు అడుగుల చోటైనా మొక్కలకు ఇవ్వండి.

4. గాలిని లెక్కకట్టండి

ఇక్కడ ఊహలు పనికిరావు. సహజంగా గాలి ఆడే వార్డుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకం ప్రకారం ఒక్కో పేషెంటుకు సెకనుకు 60 లీటర్లు, క్షయ లాంటి గాలి ద్వారా వచ్చే జబ్బుల గదికి 160 లీటర్లు. అంటే ఆరు మంచాల వార్డుకు సెకనుకు 360.

ఫ్యానుతో గాలి లాగే ఐసొలేషన్ గదికి కొత్త నిర్మాణంలో గంటకు 12 సార్లు గాలి మారాలి. 5 మీటర్లు × 4 మీటర్లు × 3 మీటర్ల గది 60 ఘనమీటర్లు. పన్నెండు సార్లంటే గంటకు 720 ఘనమీటర్లు, సెకనుకు 200 లీటర్లు. ఫ్యాను కొనేటప్పుడు డబ్బా మీది అంకెను నమ్మకండి. డక్టు, ఫిల్టరు అడ్డం వచ్చాక ఎంత లాగుతుందో సప్లయరును రాసివ్వమనండి. 12 సార్లు మారితే గాలిలోని కణాల్లో 99 శాతం పోవడానికి 23 నిమిషాలు, 6 సార్లయితే 46. పేషెంటు వెళ్లాక శుభ్రం చేసే మనిషి మామూలు మాస్కుతో ఎప్పుడు లోపలికి వెళ్లొచ్చో చెప్పేది ఈ అంకెలే. తలుపు మీద రాసి అంటించండి.

అందరూ చేసే తప్పు స్ప్లిట్ ఏసీ పెట్టి గాలి సంగతి అయిపోయిందనుకోవడం. చాలా స్ప్లిట్ ఏసీలు గదిలోని గాలినే చల్లబరిచి మళ్లీ వదులుతాయి, బయటి గాలి రాదు. రెండో తప్పు, ఎగ్జాస్ట్ బయటకు వచ్చే చోటు పక్క వార్డు కిటికీ కింద ఉండటం.

ఐసొలేషన్ గదిలో తాజా గాలి తలుపు వైపు నుంచి వచ్చి, స్టాఫును దాటి, పేషెంటును దాటి, తల దగ్గరి ఎగ్జాస్టులోకి పోవాలి. గది ఒత్తిడి కారిడార్ కంటే కనీసం 2.5 పాస్కల్ తక్కువ ఉండాలి. రోజువారీ పరీక్షకు తలుపు కింద సందు దగ్గర సన్నటి టిష్యూ కాగితం పట్టుకోండి. లోపలికి లాగితే సరే. అగరుబత్తి పొగతో చూడమని కొందరు చెబుతారు. ఆక్సిజన్ వాడే చోట నిప్పు తేవద్దు.

5. చప్పుడును మూలం దగ్గరే ఆపండి

వార్డు లోపల 30 డెసిబెల్స్, రాత్రి ఒక్కసారి వచ్చే శబ్దం కూడా 40 దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. 30 అంటే గుసగుస. నడుస్తున్న వార్డులో ఇది అందుకోవడం కష్టమే. అందుకే సగటు అంకె వెంట పడకుండా, మొదటి అడుగులో రాసుకున్న రాత్రి చిట్టాలోని శబ్దాలను ఒక్కోటి తీసేయండి.

- చెత్తడబ్బాలకు నెమ్మదిగా మూసుకునే మూతలు.
- తలుపులకు క్లోజర్లు, చౌకట్టుకు రబ్బరు పట్టీ.
- ట్రాలీలకు పెద్ద రబ్బరు చక్రాలు. నేల టైల్సు జాయింట్లే ట్రాలీలకు టకటకలాడే రోడ్డు. జాయింట్లు కరిగించి అతికించే వినైల్ షీట్ మేలు.
- శబ్దాన్ని పీల్చే ఫాల్స్ సీలింగ్, పీల్చుకునే విలువ (NRC) 0.9 లేదా ఎక్కువ, కడగడానికి వీలున్న రకం. మామూలు జిప్సం బోర్డు శబ్దాన్ని తిప్పికొడుతుంది.
- గదుల మధ్య గోడ ఫాల్స్ సీలింగ్ దగ్గర ఆగకుండా పైన స్లాబు దాకా వెళ్లాలి. లేకపోతే పక్కగది దగ్గు పైనుంచి వస్తుంది. డాక్టరు చెప్పే విషయమూ అలాగే అటు పోతుంది.

కర్టెన్ చూపును ఆపుతుంది, మాటను ఆపదు. చెడు వార్త చెప్పడానికి తలుపున్న చిన్న గది ఒకటి ఉంచండి.

6. వెలుతురును వేర్వేరు స్విచ్చులుగా విడగొట్టండి

యూరోపియన్ ప్రమాణం ప్రకారం వార్డుకు మామూలుగా 100 లక్స్, చదవడానికీ చిన్న పరీక్షకూ 300, చికిత్సకు 1000, రాత్రి కనిపెట్టి చూడటానికి 5. ఒకే స్విచ్చుకు ఇవన్నీ కట్టేస్తే, ఒక పేషెంటుకు రాత్రి ఇంజెక్షన్ ఇచ్చినప్పుడల్లా ఆరుగురు లేస్తారు.

దిండుకు సూటిగా పైన డౌన్‌లైట్ పెట్టొద్దు. ప్లాన్ గీసేవాళ్లు గది మధ్యలో నిలబడి ఆలోచిస్తారు, పేషెంటు రోజంతా పైకప్పునే చూస్తాడు. ఆర్కిటెక్టు ఆల్వార్ ఆల్టో ఫిన్లాండులోని పైమియో శానిటోరియంలో, 1933 నాటి క్షయ ఆసుపత్రి అది, పడుకున్నవాళ్ల కంటికి విశ్రాంతిగా పైకప్పుకు ముదురు ఆకుపచ్చ వేయించి, దీపం వాళ్ల కంట పడకుండా పెట్టించాడు. అక్కడి వాష్‌బేసిన్‌ను నీళ్లు ఏటవాలుగా పడి చప్పుడు చేయకుండా మలిచాడు.

రంగులను ఉన్నవి ఉన్నట్టు చూపే విలువ (CRI) 90కి తగ్గని బల్బులు కొనండి. పెదవుల నీలం, కామెర్ల పసుపు చవక బల్బు కింద తెలియవు. అదే కారణంతో తలవైపు గోడకు గాఢమైన పసుపు, ఆకుపచ్చ వద్దు. మంచం నుంచి బాత్రూం దాకా నేలకు ఒక అడుగు ఎత్తున మసక కాషాయం రంగు దీపాలు పెట్టండి. చదివే దీపం స్విచ్, నర్సు కాల్ బటన్ రెండూ చేయి చాచకుండా అందాలి.

7. మంచం నుంచి బాత్రూంకి ఆ పది అడుగులు

చాలా పడిపోవడాలు ఈ దారిలో జరుగుతాయి. బాత్రూం తలుపును మంచం తలవైపు గోడలోనే పెడితే, మంచం నుంచి చేయి వదలకుండా కడ్డీ పట్టుకుని వెళ్లొచ్చు. ఎదుటి గోడలో పెడితే మధ్యలో పట్టుకోవడానికి ఏమీ లేని నేల మిగులుతుంది.

- గడప ఉండకూడదు. బాత్రూం నీళ్లు బయటికి రాకుండా వాలు 1:50 దగ్గర ఉంచి, తలుపు దగ్గర సన్నని జాలి కాలువ పెట్టండి.
- తలుపు బయటికి తెరుచుకోవాలి లేదా జరిగేది కావాలి. లోపల పడినవాళ్లు తలుపుకే అడ్డంగా పడతారు.
- వీల్‌చైరు తిరగడానికి 1.5 మీటర్ల వృత్తం, టాయిలెట్ సీటు 45 నుంచి 48 సెంటీమీటర్ల ఎత్తు.
- గ్రాబ్ బార్లు గోడ రంగుకు భిన్నంగా, కనీసం 110 కిలోల బరువు ఆపేలా. టైల్సు వేయకముందే గోడలో గట్టి ఆధారం పెట్టించి, ఫోటో తీసి దాచుకోండి. తర్వాత బోల్టు ఎక్కడ దిగుతుందో ఎవరికీ గుర్తుండదు.
- ఎమర్జెన్సీ తాడు నేల నుంచి 10 సెంటీమీటర్ల దాకా వేలాడాలి. ఊడ్చేటప్పుడు అడ్డమని దాన్ని పైకి చుట్టేస్తారు. నెలకోసారి చూడండి.

పరీక్ష: నేల తడిపి, సబ్బు నీళ్లు పోసి, ఆరోగ్యంగా ఉన్న ఒకరు ఒక చేత్తో సెలైన్ స్టాండు నెట్టుకుంటూ వెళ్లిరావాలి, పక్కన పట్టుకోవడానికి ఇంకొకరు ఉండగా. స్టాండు చక్రం జాలిలో ఇరుక్కుంటే జాలి మార్చండి.

8. నీళ్లు, సింకులు

చేతికి రాసుకునే స్పిరిట్ ద్రావణం ప్రతి మంచం దగ్గరా చేయి చాస్తే అందాలి. సింకు కుళాయి ధార నేరుగా డ్రైను రంధ్రంలో పడొద్దు. డ్రైనులో పెరిగే క్రిములు మీటరు దాకా చిందుతాయి. సింకు పక్క గట్టు మీద మందులు కలపొద్దని చెప్పే బదులు, ఆ గట్టే కట్టొద్దు. వేడినీళ్లను 60 డిగ్రీల దగ్గర నిల్వ చేసి, ఒంటి మీద పడే చోట మిక్సింగ్ వాల్వుతో 41 నుంచి 43కి తగ్గించండి. వాడకుండా వదిలేసిన పైపు ముక్కలుంటే కోసి మూసేయండి, నిమోనియా తెచ్చే లెజియొనెల్లా అనే క్రిమి అక్కడే పెరుగుతుంది.

9. స్టాఫుకు మిగిలిన చోటు కాదు, ముందే గీసిన చోటు ఇవ్వండి

పొడవాటి వార్డుకు మధ్యలో ఒకే నర్సింగ్ స్టేషన్ పెడితే చివరి మంచాలు కనిపించవు. ఆరేడు మంచాలకొక చిన్న రాసుకునే బల్ల, పక్కనే రోజువారీ సామాను అల్మారా పెట్టి, ప్రధాన స్టేషన్‌ను చిన్నది చేయండి. అయితే పూర్తిగా విడగొట్టేస్తే నర్సులు ఒకరికొకరు కనిపించక ఒంటరవుతారు. ఒక బల్ల దగ్గర నిలబడితే ఇంకో బల్ల కనిపించాలి.

మందులు తీసి లెక్కచూసే చోటు దారిలో ఉండొద్దు. మూడు వైపులా గోడ, చదవడానికి మంచి వెలుతురు ఉండాలి. విశ్రాంతి గదికి కిటికీ, మూసుకునే తలుపు, కూర్చునే కుర్చీలు ఉండాలి, సామాను ఉండకూడదు. అది వార్డుకు దూరమైతే ఎవరూ వెళ్లరు. స్టాఫు టాయిలెట్ వార్డు లోపలే ఉండాలి. ఇది లేని వార్డుల్లో నర్సులు నీళ్లు తాగడం మానేస్తారు. శుభ్రం చేసేవాళ్లకు సింకు, బకెట్లు ఆరబెట్టే చోటు ఉన్న గది ఒకటి ఉంచండి. దానికి చోటివ్వకపోతే తడి మాపులు పేషెంట్ల బాత్రూంలో తేలతాయి.

బరువైన పేషెంట్లను ఎత్తడానికి సీలింగ్ హాయిస్టు ఇప్పుడు కొనకపోయినా, స్లాబులో దాని ఆధారం ఇప్పుడే వేయించండి.

10. గోడ కట్టేముందు అట్టలతో గది కట్టండి

ఖాళీ హాలులో నేల మీద టేపుతో గోడలు గీసి, అట్టలతో తలుపు, బాత్రూం, బల్ల నిలబెట్టండి. నిజం మంచం పెట్టండి. గోడల్లో కరెంటు పైపులకు గాడి కొట్టకముందే ఇది జరగాలి. ఆ తర్వాత చేస్తే చూసి బాధపడటానికే.

నాలుగు పనులు చేయించండి: స్ట్రెచర్ మీది నుంచి మంచం మీదికి మార్చడం, అయిదుగురితో సీపీఆర్, వీల్‌చైరులో బాత్రూంకి వెళ్లిరావడం, మంచం కిందంతా మాపు పెట్టడం. ఎవరైనా ఒక వస్తువును పక్కకు జరపాల్సి వస్తే అక్కడ ఎర్ర టేపు వేయండి. ఎర్ర టేపు లేకుండా నాలుగూ అయ్యేదాకా అట్టలు కదుపుతూ ఉండండి. సాకెట్లు, ఆక్సిజన్ పాయింటు, కాల్ బటన్ ఎత్తులను ఆ అట్టల మీదే మార్కరుతో రాసి, అంకెలు డ్రాయింగులోకి ఎక్కించండి.

తెరిచిన మూడు నెలలకు

రాత్రి వార్డుకు వెళ్లి, స్టాఫు సొంతంగా చేసుకున్న సర్దుబాట్ల కోసం వెతకండి: లైటుకు అంటించిన కాగితం, తలుపు కొట్టుకోకుండా చుట్టిన గుడ్డ, అలారం స్పీకరు మీద టేపు, తలుపు తెరిచి ఉంచడానికి పెట్టిన ఆక్సిజన్ సిలిండరు, కారిడార్లో శాశ్వతంగా ఆగిపోయిన ట్రాలీ. వాటిని తీసేయమని సర్క్యులర్ పంపొద్దు. ప్రతిదానికీ గది నంబరు, కారణం రాసుకోండి. సిలిండరు పడితే ప్రమాదం కాబట్టి ఆ తలుపుకు ఆ రాత్రే స్టాపరు వేయించి, మిగతావి ఆ వారంలో మెయింటెనెన్స్ వాళ్లకు ఇవ్వండి.